అజినమోటో మానేయాలా, కొలిచి వేయాలా?

ప్రశ్న: తిరుపతి బస్టాండుకు దగ్గరలో పన్నెండేళ్లుగా ఫాస్ట్ ఫుడ్ బండి నడుపుకుంటున్నాను. ఎగ్ రైస్, వెజ్ ఫ్రైడ్ రైస్, నూడుల్స్, గోబీ మంచూరియా చేస్తాం. రోజుకు డెబ్బై, ఎనభై ప్లేట్లు పోతాయి. టేస్టింగ్ సాల్ట్ కిలో ప్యాకెట్టు తెస్తే వారం రోజులు వస్తుంది. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, అజినమోటో మెదడు కణాలను చంపుతుందని, నేను జనానికి విషం పెడుతున్నానని ఇంట్లో రోజూ వాదన పెడుతోంది. కస్టమర్లలో కొందరు "అజినమోటో వేయొద్దన్నా" అంటున్నారు. కొండకు వచ్చే యాత్రికులు అది మాంసంతో చేస్తారా అని అడుగుతున్నారు. రాత్రి తిన్నాక తల బరువెక్కిందని, ఎన్ని నీళ్లు తాగినా దప్పిక తీరలేదని చెప్పినవాళ్లున్నారు. ఒకసారి ఇద్దరు వాంతులయ్యాయని వచ్చి గట్టిగా అడిగారు. అన్నం విషయంలో ఏ లోపమూ లేదు, మధ్యాహ్నం వార్చిందే రాత్రి పదకొండు దాకా వాడతాం. అజినమోటో మానేసి, "మా వద్ద అజినమోటో వాడబడదు" అని బోర్డు పెట్టమని తోటి వ్యాపారులు అంటున్నారు. నేను నిజంగా తప్పు చేస్తున్నానా?

— ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: మీ ఉత్తరమంతా అజినమోటో గురించే ఉంది, అన్నం గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. చదువుతున్నప్పుడు నాకు కలవరం కలిగించింది మాత్రం ఆ ఒక్క వాక్యమే. దాని సంగతి కాస్త ఆగి చెబుతాను. ముందుగా మీరు అడిగిన దానికి సూటిగా సమాధానం: మీరు జనానికి విషం పెట్టడం లేదు. అయితే ఒక ప్లేటుకు మీరు వేస్తున్న మోతాదు, ముఖ్యంగా పిల్లలు తినే ప్లేటు విషయంలో, ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉంది. కాబట్టి మానేయవలసిన అవసరం లేదు గానీ కొలవవలసిన అవసరం ఉంది.

యాత్రికుల సందేహం తేలికగా తీరేది గనుక దానితో మొదలుపెడదాం. జపాన్‌లోని టోక్యో విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర ఆచార్యుడైన కికునే ఇకెడా, తమ ఇళ్లలో రోజూ కాచే సముద్రపు పాచి చారుకు అంత రుచి ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవాలని దాన్ని మరిగించి, వడగట్టి, చివరకు 1908లో గ్లూటమిక్ ఆమ్లమే ఆ రుచికి మూలమని తేల్చాడు. ఆ ఆమ్లాన్ని సోడియంతో కలిపితే నీళ్లలో సులువుగా కరిగే తెల్లని పలుకులుగా మారుతుంది. దాని పేరే మోనోసోడియం గ్లూటమేట్. మరుసటి సంవత్సరం, అంటే 1909లో, అది అజినమోటో అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. మనం సరుకును ఆ కంపెనీ పేరుతోనే పిలవడం అలవాటు చేసుకున్నాం. తొలి రోజుల్లో దాన్ని గోధుమ జిగురు నుంచి తీసేవారు. 1950ల చివరి నుంచి చెరకు మడ్డిని గానీ, కర్రపెండలం పిండి నుంచి వచ్చిన చక్కెరను గానీ ఒక రకమైన బాక్టీరియాతో పులియబెట్టి తయారు చేస్తున్నారు. చెరకు, బెల్లం మనవైపు ఎవరికీ కొత్త కావు, చెరకు మడ్డి అంటే చక్కెర తీసేశాక ఫ్యాక్టరీలో మిగిలే ఆ నల్లటి పాకమే. ఇందులో ఎముకలు గానీ, మాంసం గానీ, చేప గానీ లేవు. మీరు కొనే ప్యాకెట్టు మీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది, అడిగిన యాత్రికులకు దాన్ని చూపించండి. చుక్క గానీ, తయారీదారు పేరు గానీ, లైసెన్సు నంబరు గానీ లేకుండా విడిగా పాలిథిన్ కవర్లో కట్టి అమ్మే పొడి అయితే నేను చెప్పిన వాటిలో దేనికీ హామీ లేదు కాబట్టి దాన్ని కొనవద్దు.

ఈ గ్లూటమేట్ ఫ్యాక్టరీలోంచి మాత్రమే మన నోట్లోకి వచ్చే పదార్థం కాదు. మాంసకృత్తులున్న ప్రతి ఆహారంలోనూ గ్లూటమిక్ ఆమ్లం ఉంటుంది. పప్పు, పాలు, గుడ్డు, చేప వంటివి తిన్నప్పుడు అవి జీర్ణమయ్యే క్రమంలో రోజుకు పది గ్రాములకు పైగానే అది మన పేగుల్లోకి విడుదల అవుతుంది. కొన్ని పదార్థాలలో అది మాంసకృత్తులతో ముడిపడకుండా విడిగానే ఉంటుంది, నాలుకకు రుచి తెలిసేది అలా విడిగా ఉన్నప్పుడే. మదనపల్లె మార్కెట్టు నుంచి వచ్చే టమోటాలనే తీసుకోండి, బాగా పండిన వంద గ్రాముల టమోటాలో 150 నుంచి 250 మిల్లీగ్రాముల వరకు విడి గ్లూటమేట్ ఉంటుంది. పచ్చి టమోటా కంటే పండుతో చేసిన ఊరిబిండికి, చారుకు అంత రుచి రావడానికి ఒక కారణం ఇదే. తల్లిపాలలో విడిగా ఉండే ఆమినో ఆమ్లాలన్నిటిలోకీ ఎక్కువ మోతాదులో ఉండేది గ్లూటమేటే, ఆవుపాలతో పోలిస్తే అది ఎన్నో రెట్లు అధికం. టమోటా నుంచి వచ్చిన గ్లూటమేట్‌కూ, చెరకు మడ్డిని పులియబెట్టి తీసిన గ్లూటమేట్‌కూ అణువు ఒకటే గనుక, నోటిలోకి వెళ్లిన తర్వాత ఏది ఎక్కడి నుంచి వచ్చిందో శరీరం వేరు చేయలేదు.

సహజమైనదంతా మంచిదే అనే వాదనకు నేను ఈ మాట చెప్పడం లేదు. మోతాదు ఎక్కువైతే ఏదైనా ఇబ్బందే. మీ అమ్మాయి చెప్పిన మాటను తోసిపుచ్చడానికి కూడా ఇది చాలదు, ఎందుకంటే ఆమె చదివినది కట్టుకథ కాదు. 1969లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ ఓల్నీ అనే వైద్య పరిశోధకుడు, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఈ పదార్థాన్ని చర్మం కింద సూదితో ఎక్కించి చూసినప్పుడు, వాటి మెదడులోని హైపోథాలమస్ భాగంలో కణాలు చనిపోయినట్టు తేలింది. ఆ ఎలుకలు పెద్దయ్యాక లావెక్కాయి కూడా. మెదడులో ఒక నాడీకణం మరొక దాన్ని ఉత్తేజపరచడానికి వాడే ప్రధాన రసాయనం గ్లూటమేటే కాబట్టి, అది మితిమీరితే కణానికి ప్రమాదమన్న ఆయన వాదనలో శాస్త్రీయమైన బలం ఉంది. నాడీకణాల మీద మితిమీరిన ఉత్తేజం వల్ల కలిగే హాని గురించి ఆ తర్వాత జరిగిన ఎన్నో పరిశోధనలకు అక్కడే బీజం పడింది. అప్పటి ఆందోళన వల్లే అమెరికాలో పసిపిల్లల ఆహారం తయారు చేసే కంపెనీలు దాన్ని తమంతట తామే మానేశాయి.

అయితే ఆయన ఎక్కించిన మోతాదు, ఎక్కించిన దారి రెండూ గమనించాలి. కిలో శరీర బరువుకు అర గ్రాము నుంచి 4 గ్రాముల దాకా, అదీ నోటి ద్వారా కాకుండా, సూదితో, మెదడు రక్షణ ఇంకా పూర్తిగా ఏర్పడని పసికూనలకు ఇచ్చారు. అరవై కిలోల మనిషికి ఆ లెక్క వర్తింపజేస్తే ఒక్కసారిగా 30 గ్రాముల నుంచి 240 గ్రాముల వరకు అవుతుంది. మనం ఆహారంతో తిన్న గ్లూటమేట్ విషయంలో జరిగేది వేరు. పేగు గోడలోని కణాలు దానిలో 95 శాతం వరకు తమకు ఇంధనంగా అక్కడికక్కడే వాడేసుకుంటాయి. కొద్దిగా రక్తంలోకి చేరినా, రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే రక్షణ పొర దాన్ని తేలికగా లోపలికి పోనివ్వదు. మెదడు తనకు కావలసిన గ్లూటమేట్‌ను తానే తయారు చేసుకుంటుంది. అందువల్ల ఎగ్ రైస్ తిన్నవారి మెదడు కణాలు చనిపోతాయన్న నిర్ణయానికి ఆ ఎలుకల ప్రయోగం నుంచి రాలేము. మీ అమ్మాయితో వాదించకుండా ఈ రెండు విషయాలూ, అంటే మోతాదు ఎంత, అది లోపలికి వెళ్లిన దారి ఏది అన్నవి, ఆమెనే వెతికి చూడమనండి. డిగ్రీ చదివే పిల్ల కాబట్టి ఆమెకు అది మంచి అభ్యాసం అవుతుంది.

తలనొప్పి, మెడ వెనుక తిమ్మిరి, గుండె దడ వంటి ఫిర్యాదుల చరిత్ర వేరు. 1968లో రాబర్ట్ హో మాన్ క్వోక్ అనే వైద్యుడు అమెరికాలోని ఒక ప్రసిద్ధ వైద్య పత్రికకు ఉత్తరం రాస్తూ, అక్కడి చైనా హోటళ్లలో తిన్న పావుగంట, ఇరవై నిమిషాలకు తనకు మెడ వెనుక తిమ్మిరి మొదలై చేతులకు, వీపుకు పాకుతోందని, నీరసం, దడ కలుగుతున్నాయని చెప్పాడు. కారణం సోయా సాసు కావచ్చు, వంటలో వాడే సారా కావచ్చు, అజినమోటో కావచ్చు, ఎక్కువైన ఉప్పు కావచ్చు అని ఆయన అనుమానాలన్నీ వరుసగా పెట్టాడు. లోకం మాత్రం వాటిలో ఒక్కదాన్నే పట్టుకుని, మిగతావి వదిలేసింది. పైగా ఆ లక్షణాలకు "చైనా రెస్టారెంటు వ్యాధి" అని పేరు కూడా తగిలించింది. చిప్స్ ప్యాకెట్టు తిన్నవారు, మసాలా నూడుల్స్ తిన్నవారు అదే పదార్థాన్ని తింటూ అటువంటి ఫిర్యాదు చేయకపోవడం ఆ పేరు వెనుక ఉన్న చిన్నచూపును కొంత బయటపెడుతుంది.

ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు మనుషుల మీద పరీక్షలు జరిగాయి. వాటిలో చెప్పుకోదగినది 2000లో ప్రచురితమైనది. అజినమోటో తమకు పడదని గట్టిగా నమ్మే 130 మందిని ఎంచుకుని, వారికి ఒకసారి 5 గ్రాముల అజినమోటో కలిపిన పానీయం, మరొకసారి అదే రుచితో అది లేని పానీయం, ఇచ్చేవారికి గానీ తాగేవారికి గానీ ఏది ఏదో తెలియకుండా, ఖాళీ కడుపుతో ఇచ్చారు. మొదటి విడతలో అజినమోటో తాగినవారిలో లక్షణాలు కొంత ఎక్కువగానే కనిపించాయి. కానీ అదే పరీక్షను అదే మనుషులకు మళ్లీ మళ్లీ పెట్టినప్పుడు ప్రతిసారీ నిలకడగా లక్షణాలు చూపినవారు ఒకరిద్దరికి మించి మిగల్లేదు. ఆహారంతో కలిపి ఇచ్చినప్పుడు ఆ నిలకడ కూడా పోయింది. అంతకు ముందు 1995లో అమెరికా ప్రభుత్వం కోరిక మీద నిపుణులు ఇచ్చిన నివేదిక కూడా, ఆహారం లేకుండా ఒకేసారి 3 గ్రాములు, అంతకు మించి తీసుకున్న కొందరికి తలనొప్పి, తిమ్మిరి, ముఖం వేడెక్కడం వంటి తాత్కాలిక లక్షణాలు రావచ్చని ఒప్పుకుంటూనే, దీర్ఘకాలిక వ్యాధులతో దానికి సంబంధం చూపే ఆధారం లేదని తేల్చింది. ఉబ్బసం విషయంలో కూడా మొదట్లో అనుమానం వచ్చింది, తర్వాతి జాగ్రత్తైన పరీక్షలు దాన్ని బలపరచలేదు. కాబట్టి "నాకు పడదు" అన్న కస్టమరు అబద్ధం చెబుతున్నాడని అనుకోకండి. అతనికి కలిగిన ఇబ్బంది నిజమే అయి ఉంటుంది, దాని కారణం మాత్రం అతను అనుకున్నదే కానక్కరలేదు. కారణం ఏదైనా, అడిగినప్పుడు అది లేకుండా చేసి ఇవ్వడమే మర్యాద.

ఇక మోతాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి నియమించిన నిపుణుల సంఘం 1987లో ఈ పదార్థాన్ని పరిశీలించి, రోజుకు ఇంతే తినాలని అంకె పెట్టవలసిన అవసరం లేదని నిర్ణయించింది. ముప్పై ఏళ్ల తర్వాత, 2017లో, ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఆ ఉదారత సరికాదని భావించి, కిలో శరీర బరువుకు రోజుకు 30 మిల్లీగ్రాముల గ్లూటమిక్ ఆమ్లం అనే పరిమితి పెట్టింది. ఇద్దరు పెద్దమనుషులు రెండు మాటలు చెప్పినప్పుడు వ్యాపారి దేన్ని పాటించాలని మీరు అడగవచ్చు. పిల్లలకు కూడా ఆహారం అమ్మేవారు గట్టి అంకెనే పట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఆ పరిమితి జంతువులలో ఏ హానీ కనిపించని మోతాదును నూరుతో భాగించి పెట్టింది కాబట్టి, ఒక రోజు దాన్ని దాటినంత మాత్రాన ఎవరికీ ముప్పు రాదు. అది జీవితకాలం రోజూ తిన్నా పర్వాలేదనే హద్దు.

మీ ఉత్తరంలో మీరే ఇచ్చిన లెక్కతో దీన్ని పోల్చి చూద్దాం. రోజుకు సగటున డెబ్బై ఐదు ప్లేట్ల చొప్పున వారానికి 525 ప్లేట్లు. వాటికి కిలో పొడి ఖర్చవుతోందంటే ప్లేటుకు దాదాపు 1.9 గ్రాములు పడుతోందన్న మాట. అజినమోటో బరువులో నాలుగింట మూడు వంతులకు కొంచెం పైగా గ్లూటమిక్ ఆమ్లం, మిగతాది సోడియం, కొంత నీరు. ఐరోపా పరిమితిని పొడి బరువులోకి మార్చితే అరవై కిలోల మనిషికి రోజుకు సుమారు 2.3 గ్రాములు, ఇరవై కిలోల పిల్లవాడికి ముప్పావు గ్రాము వస్తుంది. అంటే మీ ప్లేటు పెద్దవాళ్లకు హద్దులోనే ఉంది, రెండో తరగతి పిల్లవాడు మొత్తం తినేస్తే అతని హద్దుకు రెండున్నర రెట్లు అవుతోంది. ఇది సగటు లెక్క మాత్రమే. రాత్రి ఎనిమిదిన్నరకు బండి చుట్టూ పదిమంది నిలబడి ఉన్నప్పుడు, మంట పెద్దది చేసి, ఒక చేత్తో కడాయి ఎగరేస్తూ, మీ మాస్టర్ రెండో చేతి గరిటె మూలతో డబ్బాలోంచి ఉప్పు కొంత, టేస్టింగ్ సాల్ట్ కొంత, మిరియాల పొడి కొంత గీరి వేసే తీరు మీకు తెలియనిది కాదు. ఆ గరిటె మూలకు ఒకసారి అర గ్రాము వస్తుంది, ఇంకోసారి 4 గ్రాములు వస్తాయి. తల బరువెక్కిందన్నవారిలో ఎవరికైనా నిజంగా అజినమోటో వల్లే అయి ఉంటే, అది అటువంటి ప్లేటు అయి ఉండాలి.

దీనికి మార్గం కష్టమైనది కాదు. పావు టీ స్పూను కొలత గల చిన్న చెంచా ఒకటి టేస్టింగ్ సాల్ట్ డబ్బాలోనే వేసి ఉంచి, ప్లేటుకు సమంగా గీసిన ఒక చెంచా మాత్రమే వేయమని మాస్టర్‌కు చెప్పండి. అది సుమారు ఒక గ్రాము అవుతుంది, ఇప్పటి కిలో ప్యాకెట్టు రెండు వారాలు వస్తుంది. పిల్లలకని అడిగి తీసుకెళ్లే పార్సిల్‌కు సగం చెంచా చాలు, అసలు వేయకపోయినా మునిగిపోయేదేమీ లేదు. రుచి తగ్గుతుందని మాస్టర్ అంటాడు. ఈ పదార్థానికి ఒక స్వభావం ఉంది, కొంత మోతాదు దాకా రుచిని పెంచుతుంది, ఆ తర్వాత ఎంత వేసినా రుచి పెరగదు, పైగా నాలుక మీద జిడ్డుగా, వెగటుగా నిలుస్తుంది. వంట బరువులో అర శాతం లోపే దానికి చాలు.

దప్పిక సంగతి దీనికి అనుబంధంగా చెప్పవలసి ఉంది. అజినమోటోలో సోడియం 12 శాతం ఉంటే మామూలు ఉప్పులో 39 శాతం ఉంటుంది. ప్లేటుకు 4 గ్రాముల ఉప్పు, ఒక టేబుల్ స్పూను సోయా సాసు వేస్తే, ఉప్పు నుంచి దాదాపు 1,550 మిల్లీగ్రాములు, సాసు నుంచి దాదాపు 900 మిల్లీగ్రాములు కలిపి 2,400 మిల్లీగ్రాములు దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజు మొత్తానికి చెప్పిన హద్దు 2,000 మిల్లీగ్రాములు. ఒక్క ప్లేటులోనే అది దాటిపోతే రాత్రంతా నీళ్లు తాగక ఏం చేస్తారు? మీ 1.9 గ్రాముల అజినమోటో నుంచి వచ్చే సోడియం 230 మిల్లీగ్రాములే. నిజానికి కొద్దిగా అజినమోటో వేసినప్పుడు ఉప్పును నాలుగో వంతు తగ్గించినా నాలుకకు తేడా తెలియదు. రక్తపోటు ఉన్న కస్టమర్లకు, "అజినమోటో లేకుండా" అని చెప్పి ఉప్పు, సాసు రెట్టింపు వేసి ఇచ్చే ప్లేటు కంటే, కొలిచి వేసిన అజినమోటోతో ఉప్పు తగ్గించిన ప్లేటు మేలు చేస్తుంది. మనవైపు జనం ఊరగాయ, పొడి, అప్పడం లేకుండా ముద్ద మింగరు కాబట్టి రోజులో ఇతరత్రా ఎక్కే ఉప్పు ఎలాగూ తక్కువ కాదు.

ఇప్పుడు అన్నం సంగతి. మీ దగ్గర తిన్న ఇద్దరికి వాంతులు అయ్యాయని రాశారు. అజినమోటో మీద వచ్చిన ఫిర్యాదుల జాబితాలో తలనొప్పి, తిమ్మిరి ముందుంటాయి, వాంతులకు అంతకంటే ముందు అనుమానించవలసింది మధ్యాహ్నం వార్చి రాత్రి పదకొండు దాకా బయట పెట్టిన అన్నాన్ని. బియ్యంలో మట్టి నుంచి వచ్చే బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు తరచుగా ఉంటాయి, అవి అన్నం ఉడికే వేడికి చావవు. అన్నం వార్చి, గోరువెచ్చగా కుప్పగా వదిలేసినప్పుడు, ఆ బీజాలు మొలకెత్తి, పెరిగి, సెరులైడ్ అనే విషాన్ని విడుదల చేస్తాయి. మన తిరుపతి ఎండాకాలంలో నీడలో కూడా నలభై డిగ్రీలు తగిలే మధ్యాహ్నాలు వాటికి ఎంతో అనుకూలం. ఆ విషం తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి, చాలామందికి ఒక రోజులో తగ్గిపోతాయి. అరుదుగా, ముఖ్యంగా పిల్లల్లో, కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి.

ఎంతోమంది వంటవాళ్లు పొరబడే చోటు ఇక్కడే ఉంది. "పెద్ద మంట మీద కడాయిలో వేయిస్తాం కదా, ఏ క్రిమి అయినా చస్తుంది" అని వారు అనుకుంటారు. క్రిమి చావవచ్చు, అది అప్పటికే వదిలిన విషం మాత్రం చావదు. సెరులైడ్ 121 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచినా చెక్కుచెదరదని పరీక్షల్లో తేలింది, మీ కడాయిలో అన్నం ఉండేది రెండు మూడు నిమిషాలు. వాసనలో, రంగులో, రుచిలో తేడా కూడా రాదు కాబట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి బాగానే ఉందనుకోవడానికి అర్థం లేదు.

ఫ్రైడ్ రైస్‌కు పొడిపొడిగా చల్లారిన అన్నమే కావాలి, వేడి అన్నం ముద్దవుతుంది, అది నాకు తెలుసు. అందుకని అన్నాన్ని మధ్యాహ్నం ఒక్కసారే కాకుండా సాయంత్రం ఐదింటికి ఒకసారి, ఎనిమిదింటికి ఒకసారి కొద్దికొద్దిగా వార్చుకోండి. వార్చగానే గంపలో కుప్ప పోయకుండా రెండంగుళాలకు మించని మందంతో వెడల్పాటి స్టీలు పళ్లాల్లో పరిచి, ఫ్యాను కింద త్వరగా చల్లార్చండి. చల్లారిన తర్వాత ఐదు డిగ్రీలకు తక్కువ ఉండే ఫ్రిజ్‌లో గానీ, బండి మీద కరెంటు లేకపోతే చుట్టూ ఐసు పరిచిన థర్మాకోల్ పెట్టెలో మూత బిగించి గానీ ఉంచుకుని, అవసరమైనంత మాత్రమే తీస్తూ వాడండి. బయట గాలిలో రెండు గంటలకు మించి ఉన్న అన్నం ఎంత మిగిలినా కడాయిలోకి పోకూడదు. రాత్రి మిగిలిన అన్నాన్ని మర్నాటికి దాచే అలవాటు మీకు ఉందని మీరు రాయలేదు, ఉంటే ఈ రోజు నుంచే ఆపండి. గ్యాసు ఖర్చు కొంత పెరుగుతుంది. మీ బండి ఖర్చుల్లో అంతకంటే సార్థకమైన ఖర్చు నాకు కనిపించడం లేదు.

నూనె గురించి, రంగు గురించి రెండు మాటలు. మంచూరియా వేయించిన నూనెను మర్నాడు కొత్త నూనెలో కలిపి కొనసాగించడం బండ్ల దగ్గర మామూలు. నూనెలో చెడిపోయిన పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వాడకూడదని మన దేశంలో 2018 జూలై నుంచి నిబంధన ఉంది. కొలిచే పరికరం మీ దగ్గర ఉండదు, కానీ నూనె నల్లబడి, పొయ్యి మీద పెట్టగానే నురగ, పొగ వస్తూ, చేతికి జిగటగా తగిలితే దాని పని అయిపోయిందని తెలుసుకోవచ్చు. గోబీ మంచూరియాకు వేసే ఎర్ర రంగును కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో నిషేధించింది. అక్కడి నమూనాల్లో హానికరమైన రంగులు దొరికాయి. మీరు కూడా దాన్ని మానేయండి, కాశ్మీరీ మిరపపొడితో వచ్చే ఎరుపు చాలు.

బోర్డు విషయంలో మీ తోటి వ్యాపారుల సలహా వినవద్దని నా సూచన. అజినమోటో డబ్బా తీసేసినా మీ సోయా సాసులో సోయా పులిసినప్పుడు పుట్టిన గ్లూటమేట్ ఉంటుంది. చిల్లీ సాసు, మ్యాగీ మసాలా, చికెన్ క్యూబు, మంచూరియా పొడి ప్యాకెట్ల వెనుక సన్న అక్షరాల్లో 621 అనే అంకె ఉందో లేదో చూడండి, ఉంటే అది అజినమోటోయే. ఇటువంటి మాట ప్యాకెట్టు మీద రాయడం వల్ల 2015లో దేశంలోనే అతి పెద్ద నూడుల్స్ కంపెనీ ఎంత చిక్కులో పడిందో మీకు గుర్తుండే ఉంటుంది. మ్యాగీ ప్యాకెట్టు మీద ఎంఎస్‌జి, అంటే మోనోసోడియం గ్లూటమేట్, అదనంగా కలపలేదని రాసి ఉండగా ఉత్తరప్రదేశ్‌లోని పరీక్షల్లో అది కనిపించింది, సీసం కూడా పరిమితికి మించి ఉందని అధికారులు ప్రకటించారు. జూన్ 5న కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ నూడుల్స్‌ను మార్కెట్టు నుంచి వెనక్కి తీయమంది. ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. పదార్థంలో పుట్టుకతో ఉన్న గ్లూటమేట్ ఏదో, తర్వాత కలిపినది ఏదో ప్రయోగశాల వేరు చేసి చెప్పలేదన్న చిక్కు ఆ వివాదంతో అందరికీ తెలిసింది. అంత పెద్ద కంపెనీకే నిలబెట్టుకోవడం కష్టమైన మాటను మీ బండి మీద రాయించుకోవడం ఎందుకు? రాయాలనుకుంటే "అజినమోటో కొలిచి వేస్తాము, వద్దంటే వేయము" అని రాయండి. వద్దన్నవారికి కడాయి కడిగి, సాసు లేకుండా, మిరియాలు, వెల్లుల్లి, ఉల్లికాడలు, బాగా పండిన టమోటా కొంచెం ఎక్కువ వేసి చేయించండి. ఆ ప్లేటుకు కూడా గిరాకీ తగ్గదు.

చివరిగా, ఏడాది లోపు పసిపిల్లలకు అజినమోటో కలిపిన ఆహారం తగదని లేబుళ్ల మీద రాయాలని మన దేశ నిబంధనలు చెబుతున్నాయి. అంత చిన్న పిల్లలకు ఈ ఉప్పు, కారం, నూనె కూడా తగవు గనుక అది న్యాయమైన నిబంధనే. యాత్రకు వచ్చిన తల్లులు ఒళ్లో బిడ్డకు తమ ప్లేటులోంచి రెండు ముద్దలు పెట్టడం మీ బండి దగ్గర రోజూ చూస్తూనే ఉంటారు. అటువంటప్పుడు మాస్టర్‌తో చెప్పి, ఏమీ కలపని తెల్లన్నం వేడివేడిగా గిన్నెలో విడిగా ఇప్పించండి, దానికి డబ్బులు తీసుకోవాలో వద్దో మీ ఇష్టం.